దోస్తు దగ్గర చేబదులు తెచ్చి పాత బాకీ తీర్చడం: మిత్తి, నోటు, గడువు లెక్కలతో సమీక్ష

నల్లగొండ గడియారం సెంటర్ నుంచి మహబూబ్‌నగర్ న్యూటౌన్ దాకా అప్పు పుట్టే చోట్లకు కొదువ లేదు. గిరిగిరి ఫైనాన్సు (రోజువారీ కట్టే అప్పు), వారాల గ్రూపు లోను, షావుకారు నోటు (ప్రామిసరీ నోటు), బంగారం కుదువ, క్రెడిట్ కార్డు, చిట్టీ పాట. వీటి పక్కనే బోర్డు లేకుండా నడిచేది ఇంకొకటి ఉంది: దోస్తు ఇచ్చే చేబదులు. పాత బాకీ తీర్చే పనికి ఇది ఎంతవరకు అక్కరకొస్తుంది, ఎక్కడ బెడిసికొడుతుంది, కాగితం ఎట్లా రాసుకోవాలి అన్నదే ఈ సమీక్ష.

తీర్పు ముందే చెప్పేస్తాం. నూటికి రెండు రూపాయలు దాటిన మిత్తి బాకీలు తీర్చడానికి చేబదులును మించింది లేదు. పంట రుణం, బ్యాంకు బంగారం లోను లాంటి తక్కువ మిత్తి బాకీల మీద దీన్ని పెట్టడం దాదాపు దండగ. ఇక ఎంత మంచి దోస్తు ఇచ్చినా, ఎంత తక్కువ మిత్తికి ఇచ్చినా, పాత నోటు అదే రోజు చేతికి రాకపోతే బాకీ తీరినట్టు కాదు, రెండో బాకీ పుట్టినట్టు.

చేబదులుకు మా మార్కులు: మిత్తికి ఐదుకు ఐదు. వేగానికి ఐదుకు నాలుగున్నర. గడువుకు మూడు. కాగితానికి రెండు, అదీ మన అలవాటు వల్లే. సరిగ్గా రాసుకుంటే నాలుగు ఇవ్వొచ్చు.

మొదట మిత్తి సంగతి. మన దగ్గర మిత్తిని నెలకు, నూటికి చెప్పుకుంటాం. రూపాయి మిత్తి అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24, మూడంటే 36. లక్షకు మూడు రూపాయల మిత్తి అంటే నెలకు 3,000, ఏడాదికి 36,000. వినడానికి చిన్నగా ఉన్న ఆ "మూడు" మీద చాలామంది లెక్క వేసుకోరు. క్రెడిట్ కార్డులో మినిమమ్ కట్టుకుంటూ పోతే చాలా కార్డుల మీద నెలకు మూడున్నర దాకా పడుతుంది, దాని మీద జీఎస్టీ వేరు.

గిరిగిరిని విడిగా లెక్క కట్టాలి, ఎందుకంటే అందులో మిత్తి రేటు ఎక్కడా కనబడదు. ఉదాహరణకు 10,000 రాసుకుని ముందే 1,500 కోసుకుని 8,500 చేతిలో పెడతారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. చూస్తే 1,500 పోయినట్టే ఉంటుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తగ్గుతూ వస్తుంది కాబట్టి 100 రోజుల్లో సగటున మన దగ్గర ఉండే సొమ్ము 4,300 దాకే. దాని మీద 1,500 అంటే నెలకు నూటికి పది రూపాయలు దాటిన మిత్తి. కూరగాయల బండి, టిఫిన్ సెంటర్, టైలర్ షాపు నడిపేవాళ్లు ఇలాంటివి ఒకటికి రెండు పెట్టుకుని ఉంటే, చేబదులు దొరికిన రోజు మొట్టమొదట తెగాల్సినవి ఇవే. ఒక్క సంగతి మాత్రం అడిగి తెలుసుకోవాలి. కొందరు ఫైనాన్సువాళ్లు ముందుగా కట్టినా మిగిలిన రోజుల మిత్తి తగ్గించరు. అట్లయితే ఇంకో 20 రోజులే మిగిలిన గిరిగిరిని చేబదులుతో మూసి లాభం లేదు, దాన్ని అట్లనే నడవనిచ్చి వేరే బాకీ మీదికి పోవాలి.

షావుకారు నోటు దగ్గరే చేబదులు అసలు బలం తెలుస్తుంది. రెండు లక్షలు, మూడు రూపాయల మిత్తి అనుకుందాం. నెలకు 6,000 మిత్తికే సరిపోతుంది. పదేళ్లు కట్టినా అసలు రెండు లక్షలు రెండు లక్షలే. అదే రెండు లక్షలు దోస్తు రూపాయి మిత్తికి ఇచ్చి, మీరు అదే 6,000 నెలనెలా కడుతూ పోతే మొదటి నెలలో 2,000 మిత్తికి, 4,000 అసలుకు పోతాయి. 41 నెలల్లో మొత్తం బాకీ తీరిపోతుంది. మిత్తి లేకుండా ఇస్తే 34 నెలలు. జేబులోంచి పోయేది ఒక్క రూపాయి కూడా పెరగలేదు. దోస్తును అడిగేటప్పుడు చూపించాల్సింది ఈ లెక్కే. "అన్నా, కష్టంలో ఉన్న" అనడం కన్నా "అన్నా, ఇప్పుడు మిత్తికి పోతున్న 6,000 నెలనెలా నీకే కడత, 41 నెలల్లో మొత్తం తీరుతది" అంటే ఎదుటి మనిషి ఆలోచించడానికి ఏదైనా ఉంటుంది.

నోటు తిరగరాసే అలవాటున్న చోట తొందర ఇంకా ఎక్కువ. ఏడాది తిరిగేసరికి మిత్తిని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకుంటారు. రెండు రూపాయల మిత్తికి తెచ్చిన లక్ష మొదటి ఏడాదికి 1,24,000, రెండో ఏడాదికి 1,53,760, మూడో ఏడాదికి 1,90,662 అవుతుంది. కాబట్టి చేబదులు తెచ్చేదేదో నోటు తిరగరాసే తేదీకి ముందే తేవాలి, నెల తర్వాత కాదు.

ఇక పంట రుణం. మూడు లక్షల లోపు పంట రుణానికి మిత్తి ఏడాదికి 7 శాతం, గడువులో కడితే 4 శాతమే పడుతుంది. రూపాయి మిత్తి చేబదులు కూడా 12 శాతం. తక్కువ మిత్తి బాకీని ఎక్కువ మిత్తి సొమ్ముతో తీర్చొద్దు. ఒక్క సందర్భం వేరు: రెన్యువల్. ఏడాది గడువులో పాతది మొత్తం కట్టి మళ్లీ తీసుకుంటేనే ఆ 4 శాతం నిలుస్తుంది. మధ్యలో ఆ నాలుగైదు రోజుల కోసం ఊళ్లో ప్రైవేటుగా తెస్తే లక్షకు వెయ్యి, రెండు వేలు గుంజుతారు. ఇక్కడ దోస్తు చేబదులు చక్కగా సరిపోతుంది. అయితే ఎక్కడ తప్పుతుందంటే, రైతు పైసలు కట్టిన తర్వాత బ్యాంకులో కొత్త మంజూరు ఆగుతుంది. పాసుపుస్తకంలో ఆధార్ కలవకపోవడం, ఇంకో బ్యాంకులో బాకీ కనబడడం, మేనేజర్ బదిలీ, ఏదైనా కావచ్చు. నాలుగు రోజులని తెచ్చింది నాలుగు నెలలవుతుంది. కట్టకముందే కాగితాలన్నీ ఇచ్చి, కొత్తగా ఎంత మంజూరవుతుందో, ఎన్నో రోజు ఖాతాలో పడుతుందో ఫీల్డ్ ఆఫీసర్‌ను అడిగి, ఆ తర్వాతే దోస్తు దగ్గర తేవాలి. దోస్తుకు చెప్పే గడువు కూడా నాలుగు రోజులని కాకుండా నెల అని చెప్పాలి.

బంగారం కుదువది మధ్యస్తం. బ్యాంకులో ఉన్న బంగారాన్ని కదపాల్సిన అవసరం లేదు. సేటు కొట్లో రెండున్నర, మూడు రూపాయలకు పెట్టిన బంగారమైతే చేబదులుతో విడిపించి, అదే రోజు బ్యాంకులో తక్కువ మిత్తికి పెట్టి, వచ్చిన సొమ్ముతో దోస్తుది సాయంత్రానికే తిరిగి ఇవ్వొచ్చు. ఒక్క పూట చేబదులుతో ఏళ్ల మిత్తి తగ్గే పని ఇది. దోస్తు వెంట వస్తే ఇంకా మంచిది.

వారాల గ్రూపు లోన్ల గురించి ఒక్క మాట. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం మైక్రోఫైనాన్సు లోను ముందుగా కట్టేస్తే జరిమానా వేయకూడదు. కాబట్టి మిగిలిన అసలు ఎంతో అడిగి ఒకేసారి మూసేయొచ్చు. మూసిన రసీదుతో పాటు ఖాతా మూసినట్టు కాగితం అడగాలి.

ఇప్పుడు పాత నోటు చావడం గురించి. చేబదులు దండగయ్యేది ఎక్కువగా ఇక్కడే. రెండు లక్షలు దోస్తు ఖాతా నుంచి మన ఖాతాలో పడతాయి. పెద్ద షావుకారు ఊళ్లో లేడని రెండు రోజులు ఆగుతాం. ఆ రెండు రోజుల్లో పిల్లగాడి కాలేజీ ఫీజు, బోరు మోటారు రిపేరు, చుట్టాల పెళ్లి అడ్డం వస్తాయి. లక్షా అరవై మిగులుతుంది. షావుకారు లక్షా అరవై తీసుకుని నోటు వెనక చెల్లు (ఇంత ముట్టిందన్న రాత) రాస్తాడు గానీ నోటు ఇవ్వడు. ఇప్పుడు అక్కడ 40,000, ఇక్కడ రెండు లక్షలు.

దీనికి మందు ఒక్కటే, సొమ్ము మన చేతిలో ఆగకూడదు. షావుకారుతో ముందే కూర్చుని ఏ తేదీకి ఎంత కడితే మొత్తం తీరుతుందో కాగితం మీద రాయించుకోవాలి. ఆ తేదీన దోస్తును వెంట తీసుకుపోయి, దోస్తు ఖాతా నుంచే నేరుగా షావుకారు ఖాతాకు పంపించాలి. అక్కడే, లేచి రాకముందే తీసుకోవాల్సినవి: అసలు నోటు, దాని మీద "పూర్తిగా చెల్లు" అని షావుకారు సంతకం, తేదీ, పూచీగా ఇచ్చిన ఖాళీ చెక్కులు, వాటి నంబర్లు సరిచూసుకుని, ఖాళీ స్టాంపు కాగితాలు ఏవైనా ఇచ్చి ఉంటే అవి, పాసుపుస్తకం, ఏటీఎం కార్డు పెట్టి ఉంటే అవి కూడా. నోటు కనబడట్లేదు, రేపు వెతికిస్తానంటే పైసలు కూడా రేపే. అంత గట్టిగా ఉండలేకపోతే, "ఫలానా తేదీ నోటు బాకీ మొత్తం ముట్టింది, నోటు దొరికితే చెల్లదు" అని రాయించి రెవెన్యూ స్టాంపు మీద సంతకం, ఇద్దరు సాక్షులు. చెక్కు దొరకలేదంటే బ్యాంకుకు పోయి ఆ నంబరు చెక్కును ఆపించాలి, షావుకారు రాసిచ్చిన ఆ రసీదు దగ్గరుంచుకోవాలి.

దక్షిణ తెలంగాణలో ఇంకో రకం పూచీ ఉంది, అప్పు ఇచ్చి దానికి హామీగా భూమి సేల్‌డీడ్ (అమ్మకం దస్తావేజు) చేయించుకోవడం. "పైసలు కట్టంగనే తిరిగి చేస్తా" అని నోటి మాట. 2020 నుంచి తహసీల్దార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ అయిన పూటే పట్టా కూడా మారిపోతుంది. అంటే ఆ రోజు నుంచి పాసుపుస్తకం షావుకారుది, రైతు భరోసా కూడా షావుకారు ఖాతాకే. తిరిగి ఇస్తానన్న షరతు అదే దస్తావేజులో రాయకపోతే చట్టం దాన్ని తనఖాగా చూడదు, అమ్మకంగానే చూస్తుంది. ఇలాంటి బాకీ ఉన్నవాళ్లు చేబదులు సొమ్మును షావుకారు చేతికి ఇవ్వాల్సిన చోటు తహసీల్దార్ ఆఫీసే. తిరుగు రిజిస్ట్రేషన్‌కు స్లాట్ బుక్ చేసి, స్టాంపు డ్యూటీ ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకుని, సంతకాలయ్యే పూటే సొమ్ము పంపాలి. ఆ ఖర్చును కూడా కలిపి దోస్తును అడగాలి. లేకపోతే చివరి రోజు దానికి మళ్లీ వెతుక్కోవాలి. ఇక దోస్తు ఇచ్చే కొత్త చేబదులుకు పూచీగా భూమి సేల్‌డీడ్ చేయడం మాత్రం, ఎంత ప్రాణ మిత్రుడైనా, వద్దే వద్దు. ఆయన మంచితనం మీద అనుమానంతో కాదు. ఆయనకు ఏమన్నా అయితే వారసులకు కనబడేది కాగితమే.

ఇప్పుడు దోస్తుకు రాసిచ్చే నోటు. "మన మధ్య నోటేంది" అనే మాటతోనే చాలా దోస్తీలు చెడతాయి. నోటు ఇద్దరినీ కాపాడుతుంది. స్టేషనరీ షాపులో అచ్చు నోట్లు దొరుకుతాయి, పోస్టాఫీసులో రూపాయి రెవెన్యూ స్టాంపు దొరుకుతుంది. రాసేటప్పుడు చూసుకోవాల్సినవి:

తేదీ, ఊరు, ఇద్దరి పేర్లు, తండ్రి పేర్లు, మండలం పూర్తిగా రాయాలి. సొమ్ము అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉండాలి. "మీరు కోరినప్పుడు చెల్లించగలవాడను" అనే మాట అట్లనే ఉండనివ్వాలి. అందులో గడువు తేదీ ఇరికిస్తే అది వేరే రకం నోటు అయిపోతుంది, దాని స్టాంపు లెక్క వేరు. మిత్తి ఎంతో కచ్చితంగా రాయాలి. మిత్తి ఇస్తామని ఒప్పుకుని రేటు దగ్గర ఖాళీ వదిలేస్తే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ఏడాదికి 18 శాతం లెక్క కడుతుంది. మిత్తి లేకుండా ఇస్తే "మిత్తి లేదు" అనే రాయాలి. సంతకం స్టాంపు మీద మొదలై కాగితం మీదికి రావాలి. స్టాంపు లేని నోటును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, తర్వాత జరిమానా కట్టి సరిచేసుకునే వీలు కూడా ఈ నోట్లకు లేదు. సాక్షులు లేకపోయినా నోటు చెల్లుతుంది, కానీ ఇద్దరు ఉంటే మంచిది, అందులో ఒకరు ఇంటి మనిషైతే ఇంకా మంచిది.

ఖాళీ నోటు మీద సంతకం చేసి ఇవ్వొద్దు. సంతకం, స్టాంపు ఉన్న ఖాళీ నోటును నింపుకునే అధికారం పట్టుకున్నవాడికి ఇచ్చినట్టే చట్టం భావిస్తుంది. రాయకుండా మిగిలిన చోట గీత కొట్టాలి.

నోటుకు మూడేళ్లు ఆయుష్షు. పైన చెప్పిన 41 నెలల లెక్క ఆ మూడేళ్లు దాటిపోతుంది కాబట్టి ఇక్కడే చెల్లు పనికొస్తుంది. మూడేళ్లలోపు కట్టిన ప్రతి వాయిదాను నోటు వెనక తేదీ, సొమ్ము రాసి కట్టినవాడు సంతకం పెడితే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుంది. దోస్తుకు నిశ్చింత, మనకు కట్టినదానికి రుజువు. వాయిదాల పట్టిక విడిగా ఒక పుస్తకంలో ఇద్దరి సంతకంతో ఉంచుకుంటే సరిపోతుంది.

పైసలు బ్యాంకు నుంచి బ్యాంకుకే నడవాలి. 20,000, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తీసుకున్నవాడి మీద అంత సొమ్మూ జరిమానా పడొచ్చు. తిరిగి కట్టేటప్పుడూ అదే హద్దు. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, పన్ను పడే ఆదాయం లేకపోతే తీసుకునే విషయంలో మినహాయింపు ఉంది. ఒకరు టీచరో, ఇంకో ఉద్యోగో అయితే అది పనిచేయదు. ఫోన్‌పే, గూగుల్‌పే చేసేటప్పుడు మెసేజ్ గడిలో "చేబదులు" అని, కట్టేటప్పుడు "చేబదులు వాయిదా 7" అని రాస్తే చాలు, ఏళ్ల తర్వాత స్టేట్‌మెంట్ తీసినా అర్థమవుతుంది.

గడువుకు మూడే మార్కులు ఇవ్వడానికి కారణం ఉంది. జీతగాళ్లకు ఒకటో తేదీ ఉంటుంది. రైతుకు వడ్లు, పత్తి, బత్తాయి అమ్మినప్పుడే. "యాసంగి వడ్లు అమ్మంగనే ఇస్తా" అనే మాటలో మూడు సందులున్నాయి. కోత ఏప్రిల్‌లో అయినా కొనుగోలు కేంద్రంలో కాంటా పడడానికి రోజులు పడుతుంది. కాంటా అయ్యాక సొమ్ము ఖాతాకు రావడానికి ఇంకొన్ని రోజులు. వచ్చిన ఖాతా మీద పాత బాకీ కింద బ్యాంకు హోల్డ్ పెట్టి ఉంటే సొమ్ము కనబడుతుంది, చేతికి రాదు. మొండి బాకీ ఉన్న బ్యాంకులోనే పంట సొమ్ము పడే ఖాతా ఉన్నవాళ్లు ఈ మూడో సందును ముందే చూసుకోవాలి. కోత తేదీకి రెండు నెలలు కలిపి చెప్పాలి. వానాకాలం పత్తిదైతే సంక్రాంతి అనొద్దు, ఉగాది అనాలి. ఉగాదికి చెప్పి సంక్రాంతికే ఇస్తే దోస్తు సంతోషిస్తాడు. సంక్రాంతికి చెప్పి ఉగాదికి ఇస్తే ఆ రెండు నెలలు ఫోన్ ఎత్తడానికి మొహం చెల్లదు.

ఆలస్యం తప్పదని తెలిస్తే గడువుకు పది రోజుల ముందే పోయి చెప్పాలి, చేతిలో ఉన్నంత పట్టుకుని. 20,000 బదులు 5,000 అయినా నోటు వెనక ఎక్కించాలి.

దోస్తు వైపు నుంచి చూడాల్సింది, ఆ పైసలు ఎక్కడివి అని. బ్యాంకులో ఊరికే ఉన్నవైతే మంచిది. ఎఫ్‌డీ విరగ్గొట్టి ఇస్తే పోయిన మిత్తి మనమే భరించాలి. భార్య బంగారం కుదువ పెట్టి ఇస్తే ఆ లోను మిత్తి, విడిపించే తేదీ రెండూ మనవే, పైగా ఆ ఇంటావిడకు ఎదురుగా చెప్పి తీసుకోవాలి. దోస్తు తన పేరు మీద పర్సనల్ లోను తీసి ఇస్తానంటే ఒప్పుకోవద్దు. మన వాయిదా ఒక్కటి తప్పితే ఆయన సిబిల్ (బ్యాంకులు చూసే అప్పుల స్కోరు) పడిపోతుంది, రేపు ఆయన ఇల్లు కట్టుకునేటప్పుడు ఇంటి లోను ఆగుతుంది. చిట్టీ పాడి జమానతు పెట్టమని అడగడం కూడా చేబదులే. జమానతుదారుకు అప్పు తీసుకున్నవాడితో సమానమైన బాధ్యత ఉంటుంది. మనం కట్టకపోతే కంపెనీ నేరుగా ఆయన జీతం మీదికే పోవచ్చు. సొమ్ము చేతులు మారలేదు కదా అని దీన్ని తేలిగ్గా అడిగేవాళ్లు ఎక్కువ.

రెండు ఇళ్లలో తెలిసి ఉండడం కాగితమంత ముఖ్యం. ఏడాదికి 436 రూపాయలు కడితే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా రెండు లక్షలకు ఉంటుంది, 18 నుంచి 50 ఏళ్ల వాళ్లు బ్యాంకులోనే చేరొచ్చు. రెండు లక్షల చేబదులు తెచ్చిన రోజే ఇది తీసుకుని, "నాకేమన్నా అయితే ముందు ఈ నోటు తీర్చండి" అని నామినీకి చెప్పి ఉంచితే దోస్తు పైసలకూ, ఇంటివాళ్ల భూమికీ రెండింటికీ రక్ష.

మాటా మాటా పెరిగితే పోలీసు స్టేషన్‌కు పోవడం వల్ల ఒరిగేది లేదు, అప్పు వసూలు పోలీసుల పని కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ కోర్టుల్లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలున్నాయి. కేసు వేయకముందే అక్కడ దరఖాస్తు ఇస్తే లోక్ అదాలత్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టి వాయిదాలు కుదురుస్తారు. కోర్టు ఫీజు లేదు. అక్కడ రాసుకున్న ఒప్పందానికి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. మాట పూర్తిగా తెగిపోకముందే పోతే పని జరుగుతుంది.

ఎంత తేవాలి అన్నదానికి మా లెక్క ఇది: నూటికి రెండు రూపాయలు దాటి మిత్తి పడే బాకీలు మొత్తం ఎంతో అంత, ఒక్క వెయ్యి కూడా ఎక్కువ వద్దు. అన్నీ తీరేంత దొరక్కపోతే దొరికినదాన్ని నాలుగు బాకీలకు పంచకుండా ఒక్కదాన్ని పూర్తిగా మూయాలి, అన్నిటికన్నా మిత్తి ఎక్కువున్నదాన్ని. సగం కట్టిన నోటు షావుకారు పెట్టెలోనే ఉంటుంది.

బ్యాంకు, కార్డు బాకీలు మూసినవాళ్లు నెల తర్వాత సిబిల్ రిపోర్టు తీసి చూసుకోవాలి. అక్కడ "క్లోజ్డ్" అని ఉండాలి. తగ్గించి కట్టించుకున్న చోట "సెటిల్డ్" అని పడుతుంది, అది తర్వాతి లోన్లకు అడ్డం. చేబదులు దొరికి పూర్తిగా కట్టే వీలున్నప్పుడు కొంత తగ్గింపుకు ఆశపడి సెటిల్‌మెంట్‌కు పోవద్దు. ఇల్లో భూమో తనఖా ఉన్న లోను తీరిస్తే అసలు దస్తావేజులు 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున పరిహారం అడిగే హక్కు ఉంది.

దోస్తుకు ఆఖరి వాయిదా కట్టిన రోజు ఆయన నోటు కూడా అట్లనే తీసుకోవాలి. వెనక "పూర్తిగా చెల్లు" రాయించి, స్టాంపు మీదుగా అడ్డగీత కొట్టించి, అసలు కాగితమే ఇంటికి తెచ్చుకోవాలి. దాన్ని వెంటనే చింపేయకుండా వాయిదాల పుస్తకంతో పాటు బీరువాలో మూడేళ్లు ఉంచాలి.